పుడ్డింగు బదులు కోవిల్‌పట్టి మిఠాయి

పరమాణు నిర్మాణం పాఠం రాగానే పుస్తకాలు పిల్లల ముందు ఒక ఇంగ్లీషు తినుబండారాన్ని పెడతాయి. అది ఎండుద్రాక్షలు పొదిగి క్రిస్మస్‌కు వండే ప్లమ్ పుడ్డింగు. 2006లో వెలువడిన ఎన్.సి.ఇ.ఆర్.టి. తొమ్మిదవ తరగతి పుస్తకం దానికి పుచ్చకాయను కూడా జోడించింది. ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే తాయిల్పట్టి పిల్లలకు పుచ్చకాయ తెలుసు, పుడ్డింగు తెలియదు. పోలికకే వివరణ కావలసివస్తే ఆ పోలిక ఎందుకు?

దాపులనే ఉన్న కోవిల్‌పట్టి వేరుశనగ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. తమిళులు కడలై మిఠాయి అనే ఆ బెల్లపు పాకమే ధనావేశమనుకొందాం, అందులోని పలుకులు ఎలక్ట్రానులు. పిల్లలకు వెంటనే బోధపడుతుంది.

అయితే ఇక్కడ చరిత్రను కొంత సరిచూచుకోవాలి. 1897లో ఎలక్ట్రానును కనుగొన్న జె.జె. థామ్సన్, 1904లో తన పరమాణు నమూనాను ప్రకటించాడు. ఆ వ్యాసంలో పుడ్డింగు ప్రసక్తే లేదు. ఆ పేరు ఇతరులు పెట్టినది. ధనావేశ గోళంలో ఎలక్ట్రానులు వలయాలుగా ఏర్పడి తిరుగుతూ ఉంటాయని ఆయన ఊహించాడు. పాకంలో బిగిసిన పలుకులు తిరగవు. ద్రాక్షలూ అంతే. కాబట్టి మిఠాయిని చూపిన ఉపాధ్యాయుడు ఈ లోపాన్ని కూడా చెప్పితీరాలి. లేకుంటే పుడ్డింగు చేసిన పొరపాటునే మనం బెల్లంతో చేసినవారమవుతాము.

1909లో మాంచెస్టరులో గైగర్, మార్స్‌డెన్‌లు పలుచని లోహపు రేకులపైకి ఆల్ఫా కణాలను పంపారు. అధికభాగం దూసుకుపోయాయి, బహుకొద్ది మాత్రం వెనుదిరిగాయి. దీనినిబట్టి 1911లో రూథర్‌ఫర్డ్ కేంద్రకాన్ని ప్రతిపాదించాడు. మిఠాయి కథ అక్కడితో ముగిసింది. బంగారు పరమాణువు కేంద్రకాన్ని 2 మిల్లీమీటర్ల ఆవగింజ అనుకొంటే, పరమాణువు అడ్డుకొలత సుమారు 40 మీటర్లు. ఇందుకు మిఠాయి పళ్ళెం చాలదు, బడి ఆవరణ కావాలి. ఆవగింజను నడుమనుంచి పిల్లలను 20 మీటర్ల దూరం నడిపిస్తే చాలు.

మూలకాల పాఠానికి తూత్తుకుడి ఉప్పును మించినది లేదు. 1807లో డేవీ వేరుచేసిన సోడియం నీటిని తాకితే భగ్గుమనే లోహం, క్లోరిన్ విషవాయువు. రెండూ కూడితే మన పప్పుచారులోకి వచ్చే ఉప్పు! చిటికెడు ఉప్పు మంటలో పడితే పసుపు వెలుగు కనబడుతుంది. టపాకాయల ఊరి పిల్లలకు బేరియం పచ్చన, స్ట్రాన్షియం ఎరుపు అన్న మాటలు కొత్త కావు. (ఈ ప్రయోగం బడిలో, ఉపాధ్యాయుని చేతి మీదుగానే జరగాలి. మందుగుండు ఉండే ఇళ్ళకు దీనిని ఇంటిపనిగా ఇవ్వనే కూడదు.)

ఆ పసుపు వెలుగు మనలను గుంటూరుకు తీసుకుపోతుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ అక్కడినుండే వర్ణపటదర్శినితో పరిశీలించాడు. ఆ గ్రహణవేళ సూర్యుని అంచున కనబడిన పసుపు గీతను తొలుత సోడియానిదే అనుకొన్నారు. అదే యేడు ఇంగ్లండులో లాకియర్ ఆ గీతను కొలిచి, సోడియం గీతలతో అది సరిపోలదని తేల్చాడు. హీలియం అనే పేరు దానికే వచ్చింది. 1895లో రామ్సే ఆ మూలకాన్ని భూమిమీద, ఒక యురేనియం ఖనిజంలో కనుగొన్నాడు.