బొమ్మ జీపు మీద లేని పేరు

ఈసారి మిలిటరీ జీపు బొమ్మ గురించి మాట్లాడుకుందాం. పిల్లలు గుంజుకుపోయే బొమ్మ కాదు, పెద్దోళ్లు అద్దాల బీరువాల పెట్టుకునే లోహపు బొమ్మ. దాని వెనక మన కూలి బతుకులకు తగిలే కథ ఒకటి ఉంది, అందుకే రాస్తున్నం.

ముందు కొలత సంగతి. డ్రాయింగు మీద 1:100 అని ఉంటే ఒక సెంటీమీటరుకు ఒక మీటరు అని మనకు వేరే చెప్పక్కర్లేదు. బొమ్మలకూ అదే లెక్క. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపు పొడుగు సుమారు 3.36 మీటర్లు. 1:43 బొమ్మ అయితే 7.8 సెంటీమీటర్లు వస్తది, అరచేతిల పడుతది. 1:18 అయితే 18 సెంటీమీటర్లు దాటుతది, జానకు కొంచెం తక్కువ. 1:35 బొమ్మలు ఎక్కువగా ప్లాస్టిక్ ముక్కలుగా వస్తయి, మనమే అతికించుకోవాలె.

లోహపు బొమ్మను పోత పోసి చేస్తరు. జింకు మిశ్రమాన్ని 400 డిగ్రీల దాకా కాచి, ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో కొడతరు. మనం షట్టరింగు కట్టి కాంక్రీటు పోసినట్టే. కాకపోతే మనం రోజులు ఆగాలె, అది క్షణాల్లో గట్టిపడుతది. ఇందులోనూ మెటీరియల్ కల్తీ బాధ ఉంది. జింకులో సీసం కొంచెం ఎక్కువ కలిసినా, ఏండ్లు గడిచినంక బొమ్మ ఉబ్బి, పగిలి, పొడి రాలుతది. ఉప్పు ఇసుకతో పోసిన స్లాబులో సలాక తుప్పు పట్టి కాంక్రీటు పెచ్చులూడినట్టు. యుద్ధానికి ముందు చేసిన బొమ్మలు చాలా ఇట్లనే పోయినయి.

ఈ రకం బొమ్మల్లో పేరున్నది డింకీ. ఇంగ్లండులోని లివర్‌పూల్‌ల బిన్స్ రోడ్డు మీద మెకానో కంపెనీ ఫ్యాక్టరీ ఉండేది. యుద్ధం వచ్చేసరికి బొమ్మలు బంద్ అయి, అక్కడ యుద్ధ సామాను చేసిన్రు. యుద్ధం అయిపోయినంక 1946లో మార్కెట్‌కు వచ్చిన తొలి కొత్త బొమ్మల్లో 153ఎ నంబరు జీపు ఒకటి. ఆకుపచ్చ రంగు, బానెట్ మీద తెల్ల నక్షత్రం. తర్వాతి కాలంలో డింకీ పాత అచ్చులు కొన్ని మన కలకత్తాకు వచ్చినయి, అక్కడ నిక్కీ అనే పేరుతో బొమ్మలు పోసిన్రు. లివర్‌పూల్ ఫ్యాక్టరీ 1979లో మూతపడింది.

ఇప్పుడు అసలు జీపు కథ. 1940 జులైల అమెరికా సైన్యం 135 కంపెనీలకు ఉత్తరాలు రాసింది. నాలుగు చక్రాలూ లాగే చిన్న బండి కావాలె, నమూనా బండి 49 రోజుల్ల మా ముందర నిలబెట్టాలె అని. అంత తక్కువ గడువుకు ఒప్పుకున్నది ఒక్కటే, పెన్సిల్వేనియా రాష్ట్రం బట్లర్ ఊరిలోని అమెరికన్ బాంటమ్. చిన్న కంపెనీ, అప్పటికే దివాలా అంచున ఉంది. కార్ల్ ప్రోబ్‌స్ట్ అనే ఇంజినీరును పిలిపించుకుంటే, ఆయన రెండు మూడు రోజుల్లనే డ్రాయింగులు గీసిండు. పనోళ్లు రాత్రింబవళ్లు కష్టపడి బండి బిగించిన్రు. సెప్టెంబరు 23న, గడువు ఇంక అరగంట ఉందనంగ, దాన్ని నడుపుకుంటనే మేరీల్యాండ్‌లోని హొలాబర్డ్ మిలిటరీ క్యాంపుకు చేర్చిన్రు.

బండి పాసయింది. కానీ ఈ చిన్న కంపెనీ వేల బండ్లు ఏం చేస్తదని సైన్యానికి అనుమానం. బాంటమ్ డ్రాయింగులను విల్లీస్‌కు, ఫోర్డ్‌కు చూపించిన్రు. వాళ్లు సొంత నమూనాలు చేసిన్రు. విల్లీస్ ఇంజను 60 హార్స్ పవర్‌ది, బలమైనది, కానీ బండి బరువు ఎక్కువైంది. బోల్టులు పొట్టిగ కోసి, రంగు పూత పలచన చేసి మరీ బరువు తగ్గించిన్రు. 1941ల పెద్ద కాంట్రాక్టు విల్లీస్‌కు పోయింది, తర్వాత ఫోర్డ్‌ కూడా కలిసింది. యుద్ధం ముగిసేసరికి ఆ రెండు కంపెనీలు కలిసి 6 లక్షలకు పైగా జీపులు చేసినయి. బాంటమ్ చేసినవి 2,600 పైచిలుకు మాత్రమే. మిగతా యుద్ధకాలం జీపు వెనక తగిలించే ట్రైలర్లు చేసుకుంట ఉన్నది.

జీపును మేమే పుట్టించినం అని విల్లీస్ ప్రకటనలు వేసుకుంటే కేసు అయింది. 1948ల అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తీర్పు చెప్పింది: ఆ ఆలోచన బాంటమ్‌ది, సైన్యంతో కలిసి అభివృద్ధి చేసింది, విల్లీస్ ఇక అట్ల చెప్పుకోవద్దు అని. కానీ 1950ల జీప్ అనే ట్రేడ్‌మార్కు విల్లీస్‌కే దక్కింది. తీర్పు ఒకరికి, పేరు ఇంకొకరికి.

బొమ్మ కొనేటప్పుడు ఇవన్నీ దాని ముఖం మీదనే చూడొచ్చు. ముందర జాలీకి తొమ్మిది నిలువు గాళ్లు ఉంటే అది రేకును ఒకే దెబ్బకు అచ్చొత్తిన ఫోర్డ్ పద్ధతి, తర్వాత విల్లీస్ కూడా అదే వాడింది. ఇనుప పట్టీలు వెల్డింగు చేసిన జాలీ ఉంటే విల్లీస్ తొలి బండ్లు. ఛాసిస్‌కు ముందరి అడ్డ కమ్మి గుండ్రటి పైపు అయితే విల్లీస్, డబ్బా తీరు అయితే ఫోర్డ్. పెట్టె మీద మాత్రం చాలావరకు విల్లీస్ పేరే. బాంటమ్ జీపు బొమ్మ కావాలంటే వెతకాల్సిందే.

మన దేశానికి ఈ బండి మహీంద్రాతో వచ్చింది. 1947ల విల్లీస్ జీపులను విడి భాగాలుగా తెప్పించుకొని బొంబాయిల బిగించుడు మొదలుపెట్టిన్రు. అక్కడినుంచే మన ఊర్లకు పోలీసు జీపు, తహసీల్దారు జీపు, ఓట్లప్పుడు మైకు కట్టిన జీపు. ఆఖరికి జీపు అనేది మన తెలుగు మాటే అయిపోయింది.

మనం కట్టే టవర్ల ముందు బోర్డు మీద ఓనరు పేరు, కన్సల్టెంటు పేరు, కాంట్రాక్టరు పేరు ఉంటయి. సెంట్రింగు కొట్టినోడి పేరు, సలాక కట్టినోడి పేరు ఉండయి. బట్లర్ల 49 రోజులు నిద్ర లేకుండ బండి బిగించిన పనోళ్ల పేర్లు కూడా బొమ్మ పెట్టెల మీద లేవు. అయితే వాళ్ల కంపెనీది తేదీలతో సహా రాతల ఉంది కాబట్టే కమిషన్ ముందర నిలబడ్డది. అందుకే అందరికీ ఒక్క మాట: ఏ సైటుల ఏ నెల పనిచేసిన్రో, ఏం పని చేసిన్రో డైరీల రాసుకోండి, ఫోటో తీసి దాచుకోండి. పాత జీపు బొమ్మ ఎవరి దగ్గరన్నా ఉంటే ముందర జాలీ గాళ్లు లెక్కపెట్టి కింద రాయండి, ఏ కంపెనీదో కలిసి చూద్దాం.