రాజుగారి పెట్టె, నాయనమ్మ బుట్ట

మా నాయనమ్మకు ఈత మట్టలతో అల్లిన మూత బుట్ట ఒకటి ఉండేది. అందులో పూసల పేర్లు, వెండి మెట్టెలు, అరిగిపోయిన ఇత్తడి గాజులు దాచుకునేది. ఆవిడ పోయిన రెండేళ్లకు, ఒక భోగి తెల్లవారుజామున, పాత చాపలతో పాటు ఆ బుట్టనీ మంటలో వేసేశాం. నగలు తీసి పక్కన పెట్టాం. బుట్ట మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయింది. పాత నగల పెట్టెలను డబ్బు పోసి కొని దాచుకునే వాళ్లు ప్రపంచమంతటా ఉన్నారని అప్పటికి మాకు తెలియదు. తెలిసినా, మా బుట్ట ఆ లెక్కలోకి వస్తుందని అనుకునేవాళ్లం కాదు. ఈ వ్యాసం ఆ లెక్క గురించే.

నగల పెట్టె అనగానే పిఠాపురం వాళ్లకు కోట గుర్తొస్తుంది. మన ఊరు చాలా పాతది. నాలుగో శతాబ్దంలో సముద్రగుప్తుడి అలహాబాదు శాసనంలో పిష్టపురం రాజు పేరు ఉంది. 634 నాటి ఐహోలు శాసనంలో, పులకేశి ఈ కోటను గెలిచిన సంగతి ఉంది. తర్వాతి కాలంలో ఇది పెద్ద జమీందారీ. చివరి జమీందారు రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు బహద్దరు (1885–1964) పేరు మీదే సూర్యరాయాంధ్ర నిఘంటువు వచ్చింది. విలువైనవి దాచుకునే వాటికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో చూడండి. కుంకుమకీ చిన్న నగలకీ భరిణె, బట్టలకీ నగలకీ సందుగ, ఇంటి సొత్తంతటికీ భోషాణం, పెద్దవాళ్ల మాటల్లో మందసం. ఆ మాటలను పుస్తకంలో భద్రంగా దాచారు. మన ఎరుకల భాషలో మూత బుట్టను ఏమనేవారో మాత్రం ఆ పుస్తకంలో వెతుక్కోలేం, మన ముసలివాళ్లనే అడగాలి.

జమీందార్ల కాలంలో, దొరల కాలంలో ఈ తీరంలో తయారైన పెట్టెల్లో పేరుమోసినవి విశాఖపట్నం పెట్టెలు. పద్దెనిమిదో శతాబ్దం నుంచి అక్కడి పనివాళ్లు చందనం, టేకు, నల్లచేవ వంటి కర్రతో పెట్టె కట్టి, దాని మీద పల్చటి ఏనుగు దంతపు రేకులు అతికేవారు. ఆ రేకుల మీద సన్నని ఉలితో పూలూ తీగలూ చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. తెల్లటి దంతం మీద నల్లటి గీత తేలేది. కొన్ని పెట్టెలను పెంకుటిల్లులాగే కట్టేవారు. కప్పు ఎత్తితే లోపల అరలుండేవి. వాటిని ఎక్కువగా కొన్నది ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు. ఓడల మీద ఇంగ్లండు తీసుకుపోయారు. ఇప్పుడు వాటిలో కొన్ని లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని వేలంపాటల్లో పెద్ద ధరలకు చేతులు మారుతున్నాయి.

ఆ పెట్టె పక్కన పెట్టే చీటీ మీద ఊరి పేరు ఉంటుంది, కాలం ఉంటుంది, దాచుకున్న దొర పేరు కూడా ఉండవచ్చు. చెక్కినవాడి పేరు చాలాసార్లు ఉండదు. అడవి పేరు అసలే ఉండదు. కానీ పెట్టెను విప్పి చూస్తే అందులో ఉన్నదంతా అడవి సొమ్మే. కర్ర అడవిది. దంతం అడవి ఏనుగుది. గీతల్లో నింపిన లక్క, మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగు పెట్టే బంక. కొమ్మలు కోసి, గీకి, పోగుచేసి సంతకు తెచ్చేది అడవిని నమ్ముకున్న మనుషులు. ఆ చేతులు లేకపోతే ఆ నల్ల గీత లేదు.

దంతం దాకా వెళ్లనక్కర్లేదు. మన ఇళ్లలో ఉండే లక్క భరిణెను చూడండి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను చిత్రిక మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్కను ఆ వేడిలోనే పట్టిస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ఆ ఊరి పనితనానికి దక్కిన గౌరవం, దక్కాల్సిందే. అయితే అంకుడు చెట్టు పెరిగేది కొండల్లో. భరిణెలో సగం ఊరిదైతే సగం కొండది.

ఇక మన సంగతి. మనవాళ్లు ఈతతో, వెదురుతో బుట్టలు అల్లి ఊళ్ల అవసరాలు తీర్చారు. మన ఆడవాళ్లు బుట్ట చంకన పెట్టుకుని, చేత కర్ర పట్టుకుని ఎరుక చెప్పారు. అదే బుట్టలో దేవత, అదే బుట్టలో నగలు, అదే బుట్టలో అడిగి తెచ్చుకున్న గింజలు. ఊరూరా తిరిగేవాళ్లకు భోషాణం ఎందుకు? మోయగలిగిందే పెట్టె.

మన ఇళ్లలో పాత పెట్టెలు మిగలకపోవడానికి పేదరికం ఒక్కటే కారణం కాదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఎరుకల వాళ్లను అందులో చేర్చారు. పేర్లు రిజిస్టరులో రాశారు, వేలిముద్రలు తీసుకున్నారు, పోలీసుల ముందు హాజరు చెప్పమన్నారు. కొందరిని స్టూవర్టుపురం వంటి సెటిల్మెంట్లలో ఉంచారు. ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో పోయింది. పుట్టుకనే నేరంగా చూసిన ఆ రోజుల్లో మన ఇంట నగ కనిపిస్తే "ఎక్కడిది?" అనే ప్రశ్న ముందొచ్చేది. కోటలో పెట్టె ఉంటే వైభవం, మన గుడిసెలో పెట్టె ఉంటే అనుమానం. అలాంటప్పుడు దాచుకున్నది చూపించుకునే అలవాటు ఎలా వస్తుంది? చూపించుకోని వస్తువుకు చరిత్ర ఎవరు రాస్తారు?

1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చింది. కోటల మీద మన ఊళ్లలో కథలు చెప్పుకుంటూనే ఉన్నారు. మన బుట్టల కథ మాత్రం మనం చెప్పకపోతే ఎవరూ చెప్పరు. అందుకే యువత ఈ పని మొదలుపెట్టాలి. దీనికి డబ్బు అక్కర్లేదు, ఓపిక కావాలి.

ముందు చట్టం తెలుసుకోండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువులతో లైసెన్సు లేకుండా వ్యాపారం చేయకూడదు, విదేశాలకు పంపకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1986లో, 1991లో వచ్చిన సవరణల వల్ల ఏనుగు దంతం కొనడం, అమ్మడం నేరం. అది పాత పెట్టె మీద అతికిన రేకు అయినా సరే. తాబేటి చిప్ప విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. దంతపు పెట్టెను మ్యూజియంలో చూసి ఆనందిద్దాం. మనం దాచాల్సింది ఈత బుట్ట, వెదురు పెట్టె, లక్క భరిణె, తాతల నాటి రేకు పెట్టె.

వస్తువు దొరికితే ముందు ఫోటో తీయండి. ఎవరు అల్లారు, ఏ కర్ర, ఏ ఆకు, ఎవరు వాడారు, అందులో ఏం దాచేవారు, మన భాషలో దాన్ని ఏమంటారు అన్నవి అడిగి, తేదీ వేసి రాసుకోండి. పెద్దవాళ్లు చెబుతుంటే ఫోనులో రికార్డు చేయండి. ఆ మాటలు లేని బుట్ట ఒట్టి బుట్టే. ఇత్తడి భరిణెను మెరిసేదాకా చింతపండుతో తోమకండి, మీదున్న చెక్కడం అరిగిపోతుంది. వెదురు, ఈత సామానుకు తేమ, పురుగు శత్రువులు. వెనకటివాళ్లు పొయ్యి మీద అటకకు వేలాడదీసింది పొగ తగిలితే పురుగు పట్టదనే. ఇప్పుడు పొడి చోట ఎండిన వేపాకు వేసి ఉంచితే చాలు. ఎవరైనా వచ్చి నాలుగు డబ్బులిస్తామంటే వెంటనే ఇచ్చేయకండి, ఇంట్లో పెద్దవాళ్లతో ఒకమాట మాట్లాడండి.

అల్లిక వచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని ఒక్క మూత బుట్ట అల్లడం నేర్చుకున్నా అది సేకరణే. నేర్చుకున్న చేతిలో పెట్టె ఎప్పటికీ కాలిపోదు.

మా నాయనమ్మ బుట్ట ఇక రాదు. దాని మూత ఎలా తిరిగేదో, అంచు ఎలా మడిచేవారో నాకు సరిగ్గా గుర్తు కూడా లేదు. వచ్చే భోగికి మీ ఇంట్లో పాత సామాను బయటికి తీసే ముందు, ఒక్కసారి అటక ఎక్కి చూడండి. బుట్ట కనబడితే మంటలో వేయకండి. మీ నాయనమ్మ ముందు పెట్టి, "ఇది ఎవరు అల్లారే?" అని అడగండి.