మిత్రుడికి ధర, శత్రువుకు ఎదురు కట్నం

మన యిళ్ళల్లో ఆట అంటే అష్టాచెమ్మా, పచ్చీసు, వైకుంఠపాళీ. గవ్వలు గలగల్లాడించి నేలమీద వేశాకనే కథ మొదలవుతుంది. ముందుగా కొనుక్కోవలసింది ఏమీ వుండదు. పక్కింటావిడ పందెం బాగా వేస్తే ఆ పూటకి ఆవిడే మన శత్రువు, అంతే.

కాని వేషం కట్టి ఆడే ఆటలని ఒక రకం వుంది. 1974లో అమెరికాలో వచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'తో ఈ వేడుకకు పేరు వచ్చింది. నలుగురూ బల్ల చుట్టూ కూర్చుని, ఒకరు వీరుడు, ఒకరు మాంత్రికుడు అని తలా ఒక పాత్ర తీసుకుని, నోటిమాటతోనే కథ నడుపుతారు. మధ్యమధ్య పాచికలు. 1986లో మొదలైన 'గర్ప్స్' అనే ఆటలో మరో తమాషా చేర్చారు. పాత్రను తయారు చేసుకునేటప్పుడే చేతికి కొన్ని పాయింట్లు యిస్తారు. పాత పుస్తకాల్లో అయితే మామూలుగా వంద. ఆ వందతో బజారు చేసుకోవాలి. కండబలానికి యింత, తెలివికి యింత. మిత్రుడు కావాలన్నా పాయింట్లు పెట్టి కొనుక్కోవలసిందే. తరచుగా ఆదుకునేవాడికి ధర ఎక్కువ, ఏ పండక్కో పబ్బానికో కనిపించేవాడికి తక్కువ. ఆ పూట వస్తాడో రాడో మూడు పాచికలు తేలుస్తాయి.

మరి శత్రువో? శత్రువును పెట్టుకుంటే ఎదురు పాయింట్లు యిస్తారు! ఒక పగవాణ్ణి నెత్తికెత్తుకుని, ఆ వచ్చిన పాయింట్లతో ఒక స్నేహితుణ్ణి కొనుక్కోవచ్చునన్నమాట. ఇంకో చిత్రం చూడండి. మనం కాపాడవలసిన చెల్లెలో, తల్లో వుంటే, వాళ్ళనీ బరువు కిందే కట్టి పాయింట్లు యిస్తారు.

ఇదేం వింత లెక్క అని నవ్వకండి. ఈ లెక్క కిరీటం పెట్టుకుని వేసిన రాజు మనకి వున్నాడు. దాని గుర్తు కూడా దూరాన లేదు. తెనాలి నుంచి గుంటూరు వెళ్ళే దారిలో వడ్లమూడి వస్తుంది కదా, ఆ వూరు చేబ్రోలు మండలంలోది. ఆ చేబ్రోలునే శాసనాల్లో తామ్రపురి అన్నారు.

రాజు కాకతీయ గణపతిదేవుడు. తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులతో యుద్ధంలో చనిపోయాడు. కొడుకు వాళ్ళకే బందీగా చిక్కాడు. తరువాత ఆ యాదవరాజు జైతుగియే విడిచిపెట్టి, 1199లో ఓరుగల్లు గద్దె ఎక్కనిచ్చాడు. అంటే గణపతిదేవుడి మొదటి మిత్రుడు శత్రువు యింట్లోంచే వచ్చాడు. ఆ పాఠం ఆయన మరచిపోయినట్టు లేదు.

తీరాంధ్రం మీదికి దండెత్తి, కృష్ణ సముద్రంలో కలిసేచోట దివిసీమ ఏలుతున్న అయ్య వంశంవారిని లోబరచుకున్నాడు. ఓడినవాళ్ళను తుడిచిపెట్టలేదు. ఆ యింటి ఆడపడుచులు నారాంబ, పేరాంబలను పెళ్ళాడాడు. వాళ్ళ తమ్ముడు జాయపను చేరదీసి గజసైన్యానికి అధిపతిని చేశాడు. చేబ్రోలులో జాయప వేయించిన శాసనం 1213 నాటిది. 1231లో దివిసీమలో శివాలయం కట్టించి, దేవుడికి బావగారి పేరు పెట్టి గణపేశ్వరుడన్నాడు. 1253 ప్రాంతంలో 'నృత్తరత్నావళి' అనే నాట్యశాస్త్ర గ్రంథం సంస్కృతంలో రాశాడు. ఏనుగులను నడిపినవాడే అడుగుల లెక్కలు రాశాడంటే ముచ్చటగా లేదూ! కొన్న మిత్రుడు యింతకంటే గిట్టుబాటు కావడం కష్టం.

అయితే ఈ బేరంలో ధర ఎవరు కట్టారు? ఆటలోనైతే ఆడేవాడి వందలోంచే తరుగు పడుతుంది. ఇక్కడ తరుగు పడింది ఆ అక్కచెల్లెళ్ళ జీవితాల్లోంచి. నిన్నటిదాకా తమ వూరిమీదికి సైన్యం నడిపినవాడి యింట కాపురం! పెళ్ళి సంగతి శాసనం చెబుతుంది. వాళ్ళు ఏమనుకున్నదీ చెప్పదు.

తరువాత కూతుళ్ళ వంతు వచ్చింది. గణపాంబను ధరణికోట ఏలే కోట వంశపు బేతరాజుకి యిచ్చాడు. రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రుడికి యిచ్చాడు. గణపాంబ భర్తను పోగొట్టుకుని, ధైర్యం చెడకుండా రాజ్యం చూసుకుంది. తండ్రి పేరనా, భర్త పేరనా గుళ్ళు కట్టించింది. ఆ సంగతి గుంటూరు జిల్లా యనమదల శాసనంలో వుంది. వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ కావాలని మన పెద్దలు ఆ రెండింటినీ ఒకే సామెతలో ఎందుకు కట్టారో యిప్పుడు తెలుస్తోంది కదూ!

ఆటలో ఒక సదుపాయం వుంది. మిత్రుడు మిత్రుడని, శత్రువు శత్రువని మొదటే కాగితం మీద రాసుకుంటారు. రాజ్యంలో ఆ రాత నిలవదు. గణపతిదేవుడు కాయస్థ వంశపు గంగయ సాహిణిని నమ్మి, పెద్ద సీమనే చేతికి అప్పగించాడు. గంగయ నమ్మకంగానే వున్నాడు. కాని ఆ వంశంలోవాడే అంబదేవుడు రుద్రమదేవిమీద తిరగబడ్డాడు. 1289లో ఆమె మరణించినట్టు నల్లగొండ వైపు చందుపట్ల శాసనం చెబుతోంది. అంబదేవుడితో జరిగిన పోరులోనే అని చరిత్రకారులు చాలామంది అభిప్రాయం. తండ్రి కొన్న స్నేహానికి బాకీ కూతురు తీర్చిందన్నమాట.

స్నేహం కొనవచ్చు, దాన్ని వారసత్వంగా యివ్వలేం. మన యిళ్ళల్లోనూ అంతే. మామగారి కాలంనాటి చనువు చూసుకుని కోడలు ఒక గుమ్మంలోకి ధీమాగా అడుగుపెట్టలేదు. ఆ చనువు ఆవిడ తన మంచితనంతో మళ్ళీ మొదటినుంచీ సంపాదించుకోవలసిందే. ఇక అమ్మాయి పెళ్ళికి సంబంధం చూసేటప్పుడు ఆ యింటి బలం, బలగం లెక్క వేయడం సహజమే. లెక్క వేయండి. కాని దానికి ధర కట్టబోయేది ఎవరో ఆ అమ్మాయినే ఒక్కమాట అడగండి. నారాంబనూ పేరాంబనూ ఎవరైనా అడిగారో లేదో ఏ రాయీ చెప్పలేదు. మన అమ్మాయి ఎదురుగానే వుంది కదా!