ఇంటి వైర్‌లెస్ నెట్‌వర్క్

ఇంటిలోని కంప్యూటర్లు, సెల్‌ఫోన్లు, స్మార్ట్ బల్బులు, కెమెరాలు మొదలగు పరికరాలను తీగలు లేకుండా రేడియో తరంగాలతో అనుసంధానించే వ్యవస్థను ఇంటి వైర్‌లెస్ నెట్‌వర్క్ అంటారు. దీనికి ఆధారమైన 802.11 ప్రమాణాన్ని ఐఈఈఈ సంస్థ 1997లో వెలువరించింది. వై-ఫై అనే పేరు 1999లో వచ్చింది. భారతదేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుకు 2005లో లైసెన్సు మినహాయింపు లభించింది.

రద్దీ సమస్య

హైదరాబాదులోని అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాలలో అపార్టుమెంట్లు, వసతిగృహాలు, మైత్రీవనం పరిసరాలలోని కంప్యూటర్ శిక్షణ సంస్థలు ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. ఇటువంటి చోట ఒకే గదిలోకి పొరుగు రౌటర్ల సంకేతాలు అనేకం ప్రవేశిస్తాయి. స్మార్ట్ పరికరాలలో అధికభాగం 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండునే వాడతాయి. ఇందులో పరస్పరం అడ్డుపడని ఛానళ్లు మూడే: 1, 6, 11. ఒకే ఛానల్‌పై ఉన్న రౌటర్లు వంతులవారీగా ప్రసారం చేయవలసి రావడం వలన జాప్యం కలుగుతుంది.

అమరిక

రౌటరును ఇంటి మధ్యభాగాన, కొంత ఎత్తులో ఉంచాలి. ఇనుప బీరువాలు, కాంక్రీటు గోడలు సంకేతాన్ని బలహీనపరుస్తాయి. మూడు ఛానళ్లలో రద్దీ తక్కువగా ఉన్నదానిని ఎంచుకొని, ఛానల్ వెడల్పును 20 మెగాహెర్ట్జ్‌కు పరిమితం చేయాలి. ఫోన్లను, టీవీలను 5 గిగాహెర్ట్జ్‌కు మారిస్తే చిన్న పరికరాలకు వెసులుబాటు కలుగుతుంది. కరెంటు పోయినా నెట్‌వర్క్ ఆగకుండా రౌటరును, ఫైబర్ మోడెమును ఇన్వర్టరుకు కలపాలి.

భద్రత

తయారీదారు ఇచ్చిన సంకేతపదాలను మార్చని కెమెరాలను, రౌటర్లను 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము లోబరచుకొంది. ఆ ఏడాది అక్టోబరు 21న వాటి ద్వారా జరిగిన దాడి వలన ట్విట్టర్ వంటి సైట్లు అనేకులకు అందలేదు. కనుక సంకేతపదాన్ని తప్పక మార్చి, డబ్ల్యూపీఏ-2 లేదా డబ్ల్యూపీఏ-3 రక్షణను వాడి, స్మార్ట్ పరికరాలను అతిథి నెట్‌వర్కులో వేరుగా ఉంచడం మంచిది.