కూలీకెంత, సిమెంటుకెంత?

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్న సామెత పుట్టిన రోజుల్లో సిమెంటు లేదు. రాయి ఊరి గుట్ట నుంచి, ఇటుక చెరువు మట్టి నుంచి, సున్నం దగ్గర్లోని బట్టీ నుంచి వచ్చేవి. ఆ సున్నాన్ని ఎద్దులు తిప్పే గానుగలో ఇసుకతో కలిపి నూరితే డంగు సున్నం తయారయ్యేది. ఈ సరకుల అసలు వెల స్వల్పం. ఖర్చంతా కొట్టడానికి, మోయడానికి, నూరడానికి, పేర్చడానికి అయ్యేది. అంటే ఇల్లు కట్టించేవాడి డబ్బులో ఎక్కువ భాగం శ్రమకే వెళ్ళేది. (కూలి గింజల్లో కొలిచే చోట గింజలే వెళ్ళేవనుకోండి.) సిమెంటు వచ్చాక ఈ లెక్క తారుమారయింది. అదెలా జరిగిందో తెలుసుకోవాలంటే ముందుగా మైసూరు వెళ్ళాలి.

1911లో కావేరి నది మీద కృష్ణరాజసాగర్ ఆనకట్ట పని మొదలయింది. దాని వెనుక ఉన్న ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన ఇంటిపేరుగా మారిన మోక్షగుండం మన గిద్దలూరు ప్రాంతంలోని ఊరే. అప్పటికి మన దేశంలో సిమెంటు పరిశ్రమ లేదనే చెప్పాలి. 1904లో మద్రాసులో చేసిన ప్రయత్నం నిలదొక్కుకోలేదు. పోరుబందరు కర్మాగారంలో ఉత్పత్తి మొదలయింది 1914లో. ఓడల్లో తెప్పించుకుందామంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే ఆనకట్టను సుర్కీతో కట్టారు.

సుర్కీ అంటే కాల్చిన మట్టిని, సాధారణంగా ఇటుకలను, మెత్తగా దంచిన పొడి. దీన్ని సున్నంలో ఎందుకు కలుపుతారు? మామూలు సున్నం గట్టిపడాలంటే గాలిలోని కార్బన్ డయాక్సైడు కావాలి. ఇంటి గోడకు అది దొరుకుతుంది. పదుల అడుగుల మందం ఉండే ఆనకట్ట లోపలికి గాలి ఎక్కడ చేరుతుంది? ఏళ్ళు గడిచినా మధ్యలో సున్నం మెత్తగానే ఉండిపోతుంది. సుర్కీ కలిపితే సంగతి వేరు. కాలిన మట్టిలో ఉండే చురుకైన సిలికా, అల్యూమినాలు నీటి సమక్షంలో సున్నంతో చర్య జరిపి కాల్షియం సిలికేట్ హైడ్రేట్ల వంటి పదార్థాలను ఏర్పరుస్తాయి. సిమెంటుకు బలాన్నిచ్చేవీ ముఖ్యంగా ఇవే. దీనికి గాలితో పనిలేదు, నీటి అడుగున కూడా గట్టిపడుతుంది. రోమన్లు అగ్నిపర్వతాల బూడిదతో చేసిన పనిని మనవాళ్ళు ఇటుక పొడితో చేశారు. కాకపోతే బలం మెల్లగా వస్తుంది, పైగా చాకిరీ ఎక్కువ. ఆ చాకిరీ చేసినవాళ్ళు వేలమంది.

సిమెంటుతో ఈ చాకిరీ తగ్గింది. అయితే సున్నపురాయి, బంకమట్టి కలిపి దాదాపు 1450 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేయాలి. సున్నం బట్టీకి 900 డిగ్రీల ప్రాంతంలో ఉంటే చాలు. అంత వేడికి బొగ్గు, తిరిగే కొలిమి, పెద్ద కర్మాగారం, అక్కడి నుంచి రైలు వ్యాగన్లు కావాలి. కాబట్టి సిమెంటు బస్తాకు ఇచ్చిన రూపాయి ఊళ్ళో ఆగదు. అది గనికి, రైలుకు, కర్మాగారానికి పోతుంది.

పైగా ఆ బస్తా కూడా సులభంగా దొరికేది కాదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, సిమెంటు మీద ప్రభుత్వ నియంత్రణ వచ్చింది. యుద్ధం ముగిసినా నియంత్రణ ఏదో ఒక రూపంలో దశాబ్దాల పాటు సాగింది. మా నాన్నగారు ఇంటి స్లాబు కోసం సిమెంటు పర్మిటు పట్టుకుని ఎన్నిసార్లు తిరిగారో అమ్మ ఇప్పటికీ చెబుతుంది. గోడలు లేచి, కప్పులేని ఇల్లు ఒక వానాకాలమంతా తడిసిందట.

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసింది సరిగ్గా ఈ కరువు కాలంలోనే. అప్పటికే ఉత్తరాన భాక్రా కడుతున్నారు. 226 మీటర్ల ఎత్తు, పూర్తిగా కాంక్రీటు, అమెరికన్ ఇంజనీరు హార్వే స్లోకమ్ పర్యవేక్షణ, విదేశీ యంత్రాలు. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. అంత పెద్ద కాంక్రీటు దిమ్మలో ఆ వేడి బయటికి పోలేక పగుళ్ళు వస్తాయి కాబట్టి లోపల గొట్టాలు పెట్టి చల్లని నీరు పారించాల్సి వచ్చింది.

నాగార్జునసాగర్‌లో మరో దారి ఎంచుకున్నారు. ఇలాంటి ఆనకట్ట నీటి తోపుడుకు ఎదురు నిలిచేది తన బరువుతో. బరువు కాంక్రీటుదైనా నల్లరాతిదైనా ఒకటే. అయితే రాతితోనే కట్టవచ్చు కదా! ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. రాతికట్టు వల్ల మిగిలింది సిమెంటు మాత్రమే అనుకుంటారు. నిజానికి అంతకన్నా ఎక్కువగా మిగిలింది యంత్రాల ఖర్చని నా అభిప్రాయం. కాంక్రీటుకు రాయిని కంకరగా ఆడించాలి, కలపాలి, చల్లార్చాలి, క్రేన్లతో పోయాలి. రాతికట్టుకు మనిషి మోయగల రాయి చాలు. విదేశీ మారకం లేని దేశానికి ఇది చిన్న విషయం కాదు. అలా 1,450 మీటర్ల పొడవు, 124 మీటర్ల ఎత్తుగల ప్రధాన ఆనకట్ట లేచింది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు.

రాళ్ళు కొట్టినవాళ్ళలో వడ్డెరలు, తట్టలు మోసినవాళ్ళలో పాలమూరు కూలీలు ఎందరో ఉన్నారు. ఆ తర్వాత పాలమూరు లేబరు లేని ఆనకట్ట దేశంలో అరుదన్న పేరు వచ్చింది. మేస్త్రీ బయానా ఇచ్చి గుంపును తీసుకుపోతాడు. మట్టిపనికి కొలతను బట్టి కూలి. గోతి మధ్యలో తవ్వకుండా ఒక దిబ్బ వదిలేస్తారు, దాని ఎత్తే తవ్విన లోతుకు సాక్ష్యం. ఆ కొలతకు వచ్చిన డబ్బు మేస్త్రీ చేతికి వస్తుంది. అందులోంచి బయానా, తిండి ఖర్చు, కమీషను పోగా మిగిలిందే కూలి. రాతికట్టు వల్ల ఎక్కువ డబ్బు శ్రమకు కేటాయించిన మాట నిజం. అది శ్రామికుడి దాకా చేరిందా అన్నది వేరే ప్రశ్న.

1970ల మొదట్లో ఇదే లెక్కను ఇళ్ళ స్థాయిలో చేసి చూపినవాడు లారీ బేకర్. 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టి, 1945లో మన దేశం వచ్చి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూసిన వాస్తుశిల్పి. ఆ ఊళ్ళోనే సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ భవనాలు ఆయన కట్టినవే. అక్కడ ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్ వంటివారు దేశంలోని పేదరికాన్ని లెక్కగడుతూ ఉంటే, వాళ్ళ చుట్టూ ఉన్న గోడలు కూడా అదే లెక్క చెబుతుండేవి.

బేకర్ వాడిన ‘ఎలుక బోను’ కట్టుబడిని మీరే కాగితం మీద గీసి చూడండి. ఇటుక కొలతలు 9, 4½, 3 అంగుళాలు అనుకుందాం. పడుకోబెట్టే బదులు ఇటుకను అంచుమీద నిలబెడితే దాని మందం 3 అంగుళాలే. 9 అంగుళాల గోడకు బయట ఒక వరస, లోపల ఒక వరస పోగా మధ్యలో 3 అంగుళాల ఖాళీ మిగులుతుంది. అక్కడక్కడ అడ్డంగా పెట్టిన ఇటుకలు రెండు వరసలనూ కలుపుతాయి. ఇటుకల్లో దాదాపు నాలుగో వంతు ఆదా, మాలు కూడా తగ్గుతుంది. లోపలి గాలి వేడిని అడ్డుకుంటుంది. అయితే మాలు ఖాళీలోకి జారకుండా కట్టాలంటే తాపీ మేస్త్రీకి ఓపిక, నేర్పు కావాలి. స్లాబు విషయంలోనూ ఇంతే. స్లాబు అడుగు భాగం సాగదీతకు గురవుతుంది. అక్కడ భారం మోసేది ఇనుమే, కాంక్రీటు కాదు. కాబట్టి ఇనుప కడ్డీల మధ్య పాత మంగుళూరు పెంకులు పేర్చి కాంక్రీటు తగ్గించవచ్చు. సరకుల మీద మిగిల్చిన డబ్బును నేర్పున్న చేతికి ఇవ్వడమే బేకర్ పద్ధతి.

ఇక 1982 సంవత్సరం. ఫిబ్రవరిలో ప్రభుత్వం సిమెంటు ధరపై నియంత్రణను పాక్షికంగా ఎత్తేసింది. (1989 మార్చిలో పూర్తిగా తొలగించింది.) అదే ఏడాది నవంబరులో జరగబోయే ఆసియా క్రీడల కోసం ఢిల్లీలో స్టేడియంలు, వంతెనలు రాత్రింబవళ్ళు కడుతున్నారు. ఆ కూలీల తరఫున ఒక పౌరహక్కుల సంస్థ సుప్రీంకోర్టుకు రాసిన లేఖనే కోర్టు అర్జీగా తీసుకుంది. అప్పటి కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. కూలీలను తెచ్చిన జమాదారు తలకు ఒక రూపాయి కమీషను పట్టుకోగా చేతికి అందింది 8 రూపాయల 25 పైసలు. కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ కిందికే వస్తుందని సెప్టెంబరులో జస్టిస్ భగవతి తీర్పు రాశారు.

భవన నిర్మాణ కార్మికుల కోసం ప్రత్యేక చట్టం 1996లో వచ్చింది. నిర్మాణ వ్యయం మీద సెస్సు వసూలు చేసి సంక్షేమ నిధికి జమ చేయాలన్నారు, ఆ సెస్సును 1 శాతంగా నిర్ణయించారు. సిమెంటు, ఇనుము ధర పెరిగితే వ్యయం పెరుగుతుంది కాబట్టి నిధీ పెరుగుతుంది. కానీ లబ్ధిదారుగా నమోదు కావాలంటే గత ఏడాదిలో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలని ఆ చట్టం షరతు పెట్టింది. ఏడాదిలో మూడు రాష్ట్రాలు తిరిగి, ముగ్గురు మేస్త్రీల దగ్గర చేసిన పాలమూరు మనిషికి ఆ రోజుల లెక్క రాసి సంతకం పెట్టేవాడు ఒక్కడు దొరకాలి.