నడుస్తున్న కనెక్షన్‌ను మూసే ఆదేశాలు: నాలుగు దశాబ్దాల చరిత్ర

రెండు కంప్యూటర్ల మధ్య నడుస్తున్న కనెక్షన్‌ను ముగించడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఇద్దరూ ఒప్పుకుని మూయడం. రెండోది, ఒకరు తెంచేయడం. రెండింటి నియమాలూ 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ సంపాదకత్వంలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 793లో ఉన్నాయి. కంప్యూటర్లు డేటా ఇచ్చిపుచ్చుకునే నియమావళి అయిన టీసీపీని నిర్వచించిన పత్రం అది. అమెరికాలోని ఆర్పానెట్ నెట్‌వర్క్ 1983 జనవరి 1న పాత పద్ధతి వదిలి టీసీపీకి మారింది.

ఒప్పందంతో మూసేటప్పుడు, పని అయిపోయిన పక్షం 'ఫిన్' గుర్తున్న ప్యాకెట్ పంపుతుంది. అవతలి పక్షం అందిందని చెబుతుంది. తన పని కూడా ముగిశాక తన ఫిన్ పంపుతుంది. దానికీ రసీదు వెళ్లాక కథ ముగుస్తుంది. అయినా మొదట ఫిన్ పంపిన యంత్రం కొంతసేపు 'టైమ్ వెయిట్' స్థితిలో ఉంటుంది. దారిలో ఆలస్యమైన పాత ప్యాకెట్ కొత్త కనెక్షన్‌లో కలిసిపోకుండా చేసిన ఏర్పాటు ఇది. మూల పత్రం లెక్కన ఈ వ్యవధి 4 నిమిషాలు; లినక్స్‌లో 60 సెకన్లు. తెంచేసేటప్పుడు ఇవేవీ ఉండవు. 'రీసెట్' గుర్తున్న ఒక్క ప్యాకెట్‌తో కనెక్షన్ రద్దవుతుంది, ఇంకా చేరని డేటా పోతుంది.

తీగ తెగినా, అవతలి యంత్రానికి కరెంటు పోయినా ఫిన్ రాదు, రీసెట్ కూడా రాదు. ఇవతలి యంత్రం మాత్రం కనెక్షన్ బతికే ఉందనుకుని మెమరీని, పోర్టును అట్టిపెట్టుకుంటుంది. ఈ చిక్కును గుర్తించి 1989 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 1122 'కీప్ అలైవ్' పలకరింపులకు నియమాలు పెట్టింది. లినక్స్ సహజ అమరిక ప్రకారం 2 గంటల మౌనం తర్వాత, 75 సెకన్లకు ఒకటి చొప్పున 9 పలకరింపులు వెళ్తాయి. అంటే కనెక్షన్ పోయిందని తేలడానికి దాదాపు 2 గంటల 11 నిమిషాలు. అదీ ప్రోగ్రామ్ కోరితేనే.

దూరపు లింకుల మీద ఆధారపడిన ఊళ్లకు ఈ నిరీక్షణ భారం. బస్తర్‌లోని జగదల్‌పూర్ అలాంటి ఊరు. 1998లో విభజన జరిగే వరకు బస్తర్ జిల్లా కేరళ రాష్ట్రం కంటే పెద్దది. దాని కేంద్రం జగదల్‌పూర్. 1980ల చివర్లో జాతీయ సమాచార కేంద్రం నిక్‌నెట్ పేరుతో దేశంలోని జిల్లా కేంద్రాలను ఉపగ్రహం ద్వారా కలిపింది. భూస్థిర ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది కనుక అలాంటి లింకు మీద ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి సుమారు అర సెకను పడుతుంది. టీసీపీ వీడ్కోలు కూడా ఆ మేరకు నిదానిస్తుంది. ఇక నేల మీద చూస్తే, కేశ్‌కాల్ ఘాట్ మీదుగా రాయ్‌పూర్ దాదాపు 300 కిలోమీటర్లు. అంత పొడవైన కేబుల్ ఎక్కడ తెగినా ఇటు సర్వర్లో ప్రాణం లేని కనెక్షన్లు పేరుకుంటాయి. వాటిని చేత్తో తొలగించే ఆదేశం ఇలాంటి చోట్ల నిత్యావసరం.

ఆ ఆదేశం రావడానికి చాలా కాలం పట్టింది. 1983 ఆగస్టులో విడుదలైన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో వచ్చిన నెట్‌స్టాట్ కనెక్షన్లను చూపించేది, మూసేది కాదు. తర్వాత పర్డ్యూ విశ్వవిద్యాలయంలో విక్ ఏబెల్ రాసిన ఎల్‌సాఫ్, ఏ కనెక్షన్ ఏ ప్రోగ్రామ్‌దో చెప్పింది. దాన్ని బట్టి ఆ ప్రోగ్రామ్‌నే 'కిల్' చేసేవారు. ఒక్క కనెక్షన్ కోసం ప్రోగ్రామ్‌ను ఆపితే, అది సేవ చేస్తున్న వందలాది మంది పని కూడా ఆగిపోయేది.

2000 ప్రాంతంలో డగ్ సాంగ్ రూపొందించిన డీస్నిఫ్ సాధనాల్లోని టీసీపీకిల్ వేరే దారి పట్టింది. వెళ్తున్న ప్యాకెట్లను గమనించి, సరైన వరుస సంఖ్యతో రీసెట్‌ను తానే తయారుచేసి పంపేది. అయితే ప్యాకెట్ కదలని కనెక్షన్‌కు వరుస సంఖ్య దొరకదు. కనుక మౌనంగా ఉన్న కనెక్షన్ దానికి లొంగదు. ఈ ఉపాయాన్ని దుర్వినియోగం చేసినవారూ ఉన్నారు. అమెరికాలో ఇంటర్నెట్ సేవల సంస్థ కామ్‌కాస్ట్ ఇలాంటి రీసెట్లతో బిట్‌టొరెంట్ వాడకాన్ని అడ్డుకుంటోందని 2007లో బయటపడింది. 2008లో అక్కడి సమాచార నియంత్రణ సంస్థ దాన్ని తప్పుపట్టింది. నకిలీ రీసెట్లను తట్టుకునేలా టీసీపీ నియమాలను 2010లో ఆర్‌ఎఫ్‌సీ 5961 బిగించింది.

అసలు పరిష్కారం ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నెల్ లోపల దొరికింది. 2004లో ఓపెన్‌బీఎస్‌డీకి టీసీపీడ్రాప్ వచ్చింది: రెండు చిరునామాలు, రెండు పోర్టులు చెబితే ఆ ఒక్క కనెక్షన్ మూసుకుంటుంది. లినక్స్‌కు ఈ శక్తి 2016 మార్చిలో 4.5 కెర్నెల్‌తో అందింది. ఆండ్రాయిడ్ ఫోన్ వైఫై నుంచి మొబైల్ డేటాకు మారినప్పుడు పాత కనెక్షన్లు వేలాడకుండా ఉండాలని గూగుల్ ఇంజనీరు లొరెంజో కొలిట్టి దాన్ని రాశారు. నిర్వాహకులు దాన్ని 'ఎస్‌ఎస్' ఆదేశానికి పెద్ద అక్షరం 'కె' జోడించి వాడతారు.

ఈ ఆదేశానికి రూట్ అధికారం కావాలి, కెర్నెల్‌లో ఆ సదుపాయం ఉండాలి. చిరునామా గానీ పోర్టు గానీ చెప్పకుండా నొక్కితే కనిపించిన కనెక్షన్లన్నీ తెగుతాయి. నిర్వాహకుడు దూరం నుంచి లాగిన్ అయిన కనెక్షన్ కూడా వాటిలో పోతుంది. కాబట్టి ముందు జాబితా చూసి, తెంచాల్సినదాన్ని చిరునామాతో, పోర్టుతో గుర్తించాకే ఆదేశం ఇవ్వాలి. లింకు తరచూ తెగే చోట కీప్ అలైవ్ వ్యవధిని నిమిషాలకు తగ్గించుకుంటే, చేత్తో తెంచాల్సిన అవసరమే చాలావరకు తప్పుతుంది.