రెండవ ద్వారము

ఒకసారి తడబడిన అడుగును జీవితాంతము లెక్కలో వేయుట లోకమునకు అలవాటు. అందుకు ఎదురు నిలిచిన ఒక విద్యాపద్ధతి కథను చదువరుల ముందుంచుచున్నాము.

అమెరికాలో జూనియర్ కళాశాల యనగా మన ఇంటర్మీడియేటు కళాశాల కాదు. హైస్కూలు పిమ్మట రెండేండ్ల చదువు చెప్పునది. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రపు జోలియట్ పట్టణమున ఇట్టిది వెలసినది. 1938లోనే ఈ కళాశాలల క్రీడాసంఘము ఏర్పడినను, స్త్రీల విభాగము 1975లో గాని రాలేదు. ప్రభుత్వ ధనము పొందు విద్యాలయములలో స్త్రీపురుష వివక్షను నిషేధించిన 1972 నాటి చట్టము అందుకు ఊతమైనది.

టెక్సాస్ బాలిక షెరిల్ స్వూప్స్ పెద్ద విశ్వవిద్యాలయమునకు వెళ్లి, ఇంటిమీది బెంగతో కొద్ది దినములకే తిరిగివచ్చినది. చేరువనున్న సౌత్ ప్లెయిన్స్ కళాశాల ఆమెను చేర్చుకొన్నది. అక్కడ రెండేండ్లు బాస్కెట్‌బాల్ ఆడి టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయమున చేరి, 1993 జాతీయ అంతిమ పోటీలో తానొక్కతే 47 పాయింట్లు చేసినది. పిదప మూడు ఒలింపిక్ స్వర్ణములు గెలిచిన జట్లలో ఆడినది.

యోలాండా గ్రిఫిత్ కథ ఇంకను కఠినము. గర్భవతియై, చేరిన విశ్వవిద్యాలయమును విడిచి, పసిబిడ్డతో పామ్ బీచ్ జూనియర్ కళాశాలకు వచ్చినది. 1999లో అమెరికా వృత్తి లీగున అత్యుత్తమ క్రీడాకారిణిగా ఎన్నికైనది.

ఇది దయాదానము కాదు. ఆటతోబాటు మార్కులును తెచ్చుకొన్నగాని నాలుగేండ్ల కళాశాల తలుపు తెరువదు. అందరును విజేతలు కారు. కాని అందరికిని మరల మొదలిడు చోటు కలదు.

పరీక్ష తప్పినదనియో, పెండ్లియైనదనియో చదువు మానిన ఆడపిల్లలు మన ఇండ్లలోను కలరు. వారికొక రెండవ ద్వారము తెరచియుంచవలెనని ఈ ఉగాదినాడు కోరుచున్నాము.